వాసెక్టమీ తర్వాత మళ్లీ బిడ్డ కావాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

వాసెక్టమీ, అంటే మగవాళ్ల కుటుంబ నియంత్రణ ఆపరేషన్, చేయించుకునేటప్పుడు అందరూ ‘ఇక పిల్లలు చాలు’ అనే అనుకుంటారు. తర్వాత పరిస్థితులు మారతాయి. కొందరికి రెండో పెళ్లి అవుతుంది. కొందరు ఉన్న బిడ్డను పోగొట్టుకుంటారు. కొందరికి ఏ పెద్ద కారణమూ లేకుండానే ఇంకో బిడ్డ మీద మనసవుతుంది. కారణం ఏదైనా, అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు. దారులున్నాయి. అయితే వాటిలో మీకు ఏది సరిపోతుందన్నది భర్తకు ఎప్పుడో జరిగిన ఆపరేషన్ కంటే భార్య వయసు మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. చాలామందికి ఈ సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. అందుకే కింది జవాబుల్లో ఆ మాట పదేపదే వస్తుంది.

వాసెక్టమీ అయ్యాక కూడా నాలో వీర్యకణాలు తయారవుతాయా?

తయారవుతాయి. ఆపరేషన్‌లో డాక్టర్ కత్తిరించింది వృషణాల నుంచి వీర్యకణాలను పైకి తీసుకెళ్లే రెండు వీర్యనాళాలను మాత్రమే. వృషణాల జోలికి పోలేదు. అవి తమ పని తాము చేస్తూనే ఉంటాయి. ఒక్కో వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. బయటికి దారి లేదు కాబట్టి తయారైన కణాలు పాతబడి శరీరంలోనే కలిసిపోతాయి.

వీర్యం పరిమాణంలో ఈ కణాల వాటా నూటికి 5 వంతులకు మించదు. మిగతాదంతా ప్రోస్టేట్ నుంచి, వీర్యకోశాల నుంచి వచ్చే ద్రవం. ఆపరేషన్ తర్వాత వీర్యంలో తేడా కనిపించకపోవడానికి కారణం ఇదే. మగ హార్మోన్ నేరుగా రక్తంలో కలుస్తుంది కాబట్టి కోరికకు గానీ, అంగస్తంభనకు గానీ లోటు రాదు.

అయితే మా ముందున్న దారులేమిటి?

ముఖ్యమైనవి రెండు. మొదటిది, కత్తిరించిన నాళాలను మళ్లీ కలపడం. దీన్ని రీకెనలైజేషన్ అనీ, వాసెక్టమీ రివర్సల్ అనీ అంటారు. రెండోది, నాళాల జోలికి పోకుండా వృషణం నుంచో, దాని వెనక వీర్యకణాలు నిల్వ ఉండే ఎపిడిడిమిస్ అనే మెలికల గొట్టం నుంచో సూదితో వీర్యకణాలు తీసి, ఐవీఎఫ్ పద్ధతిలో, అంటే అండాన్నీ వీర్యకణాన్నీ ల్యాబ్‌లో కలిపి, గర్భం కోసం ప్రయత్నించడం.

వాసెక్టమీకి ముందే వీర్యం ఫ్రీజ్ చేయించి ఉంటే పని సులువు. దాన్నే వాడుకోవచ్చు. ఇవేవీ కుదరనివాళ్లకు, లేదా వద్దనుకున్నవాళ్లకు దాత వీర్యం, దత్తత ఉన్నాయి.

మందులు వాడితే నాళం తెరుచుకోదా? దానంతట అదే అతుక్కోదా?

మందులతో తెరుచుకోదు. వీర్యకణాల సంఖ్య పెంచుతాయని అమ్మే మాత్రలు, పొడులు, మూలికలు ఏవీ తెగిన నాళాన్ని కలపలేవు. వాటి మీద డబ్బు కంటే ఎక్కువగా నెలలు పోతాయి, ఆ నెలలే మీకు అన్నిటికన్నా విలువైనవి.

దానంతట అదే అతుక్కోవడం నిజంగానే జరుగుతుంది గానీ చాలా అరుదు. వాసెక్టమీ తర్వాత వీర్యకణాలు లేవని పరీక్షలో తేలినవాళ్లలో సుమారు 2000 మందికి ఒకరికి ఇలా అవుతుంది. గర్భం రాకూడదని అనుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన లెక్క ఇది, గర్భం కావాలనుకునేవాళ్లు నమ్ముకోవాల్సింది కాదు.

రీకెనలైజేషన్‌లో అసలు ఏం చేస్తారు?

వృషణాల సంచి మీద చిన్న కోత పెట్టి, పాత ఆపరేషన్ జరిగిన చోటును వెతుకుతారు. మచ్చ కట్టిన భాగాన్ని తీసేసి, నాళం రెండు కొసలూ తాజాగా కోస్తారు. ఆ తర్వాత జరిగేదే ఈ ఆపరేషన్‌కు ప్రాణం. వృషణం వైపున్న కొస నుంచి ఒక బొట్టు ద్రవం ఊరుతుంది. ఆ బొట్టును గాజుపలక మీదికి తీసుకుని అక్కడికక్కడే మైక్రోస్కోప్ కింద చూస్తారు. ద్రవం నీళ్లలా తేటగా ఉన్నా, అందులో వీర్యకణాలు కనిపించినా, కనీసం వాటి ముక్కలు కనిపించినా సంతోషమే. ఆ రెండు కొసలనూ నేరుగా కలిపి కుట్టేయవచ్చు. దీన్ని వాసోవాసోస్టమీ అంటారు.

ద్రవం టూత్‌పేస్ట్‌లా చిక్కగా వచ్చి, అందులో కణమన్నదే లేకపోతే ఇంకా కిందెక్కడో మరో అడ్డు ఉన్నట్టు లెక్క. ఏళ్ల తరబడి పెరిగిన ఒత్తిడికి ఎపిడిడిమిస్‌లోని సన్నటి గొట్టం చిట్లి, మచ్చ కట్టి మూసుకుపోతుంది. చాపితే సుమారు 6 మీటర్ల పొడవుండే గొట్టం అది. మెలికలు తిరిగి వృషణం వెనక చిన్న చోటులో ఇమిడి ఉంటుంది. అలాంటప్పుడు నాళాన్ని నాళంతో కలిపి లాభం లేదు. అడ్డుకు ముందున్న ఎపిడిడిమిస్ గొట్టానికే నేరుగా కలపాలి. దీని పేరు వాసోఎపిడిడిమోస్టమీ. ఇది ఇంకా కష్టమైన పని, విజయావకాశం కూడా తక్కువ. రెండు వైపులా ఒకే పద్ధతి అవసరమవుతుందనీ లేదు.

వీర్యనాళం బయటికి 2, 3 మిల్లీమీటర్ల మందం ఉంటుంది గానీ, లోపలి రంధ్రం మామూలుగా అర మిల్లీమీటరుకు మించదు. లోపలి పొర లోపలి పొరతో, బయటి పొర బయటి పొరతో కలిసేలా, కంటికి సరిగా ఆనని దారంతో కుట్లు వేయాలి. అందుకే ఆపరేషన్ అంతా మైక్రోస్కోప్ కిందే చేస్తారు. రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది. చాలామందిని అదే రోజు ఇంటికి పంపేస్తారు.

వాసెక్టమీ అయి 15 ఏళ్లు దాటింది. ఇప్పుడు చేయించుకుని ఉపయోగం ఉందా?

ఉంది, అయితే అవకాశం తగ్గుతుంది. దీనికి డాక్టర్లు ఇప్పటికీ చెప్పే లెక్క 1991లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలోనిది. అందులో 1,469 మంది మగవాళ్ల ఫలితాలు చూశారు. వాసెక్టమీ అయిన మూడేళ్లలోపు నాళాలు కలిపించుకున్నవాళ్లలో 97 శాతం మందికి వీర్యంలో కణాలు తిరిగొచ్చాయి, 76 శాతం జంటలకు గర్భం వచ్చింది. 3 నుంచి 8 ఏళ్ల మధ్య అయితే ఆ లెక్క 88, 53. 9 నుంచి 14 ఏళ్లకు 79, 44. 15 ఏళ్లు దాటినవాళ్లలో 71, 30.

ఈ అంకెల్లో ఒక విషయం గమనించండి. 15 ఏళ్ల తర్వాత కూడా పదిమందిలో ఏడుగురికి కణాలు తిరిగొచ్చాయి. కానీ కణాలు రావడం వేరు, బిడ్డ పుట్టడం వేరు. మొదటిది సర్జన్ చేతిలో ఉంటుంది. రెండోదానికి భార్య వయసు, కణాల కదలిక, ఇంకా ఎన్నో కలిసి రావాలి. కాబట్టి ఎవరైనా ‘మా దగ్గర 95 శాతం సక్సెస్’ అంటే, కణాలు వచ్చినవాళ్ల లెక్కా, గర్భం వచ్చినవాళ్ల లెక్కా అని ఆగి అడగండి.

నా భార్యకు 38 ఏళ్లు. సమస్య నాది కదా, ముందు నేను ఆపరేషన్ చేయించుకుంటే సరిపోతుందా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే దీన్ని చదవండి.

సమస్య మీదే అని పైకి కనిపిస్తోంది కాబట్టి అందరి దృష్టీ మీ మీదే పడుతుంది. కానీ మీ వృషణాలు ఇంకో పదేళ్లకూ కణాలు తయారుచేస్తాయి. ఆమె అండాలు అలా కాదు. ఆడపిల్ల పుట్టేటప్పుడే తన అండాలన్నిటితోనూ పుడుతుంది, కొత్తవి తయారు కావు. 35 దాటాక వాటి సంఖ్యా, నాణ్యతా తొందరగా తగ్గుతాయి. 40 దాటాక ఆ తగ్గుదల ఇంకా వేగంగా ఉంటుంది. 43, 44 ఏళ్లకు సొంత అండాలతో చేసే ఐవీఎఫ్ కూడా ఒక్కో ప్రయత్నానికి నూటికి ఐదుగురి దరిదాపుల్లోనే ఫలిస్తుంది.

ఇప్పుడు కాలం లెక్క వేసుకోండి. ఆపరేషన్ అయ్యాక కణాలు కనిపించడానికి కొన్ని నెలలు. గర్భం రావడానికి సగటున మరో ఏడాది. ఈ లోపు ఆమెకు నలభై దగ్గరపడతాయి. అప్పుడు ఆమెలో అండాలను గర్భసంచికి చేర్చే గొట్టాలు మూసుకుపోయాయనో, అండాల నిల్వ అడుగంటిందనో తెలిస్తే? మీ ఆపరేషన్ చక్కగా ఫలించినా బిడ్డ ఆశ మాత్రం దూరమవుతుంది.

అందుకే ఏ ఆపరేషన్‌కైనా తేదీ ఖాయం చేసుకోకముందే ఆమెకు పరీక్షలు చేయించండి. అండాల నిల్వ తెలియడానికి ఏఎంహెచ్ రక్తపరీక్ష, అండాశయాల స్కానింగ్, గర్భసంచినీ గొట్టాలనూ చూసే ఎక్స్‌రే పరీక్ష. కొద్ది రోజుల్లో అయిపోతాయి. ఆమెకు ఇదివరకు పిల్లలున్నా సరే చేయించాలి. పదేళ్ల కిందట సులువుగా గర్భం వచ్చిందంటే ఇప్పుడూ వస్తుందని కాదు.

మరి నాకు ఏ పరీక్షలు చేస్తారు?

యూరాలజిస్ట్ లేదా ఆండ్రాలజిస్ట్ (మగవాళ్ల సంతాన సమస్యలు చూసే డాక్టర్) మొదట చేత్తోనే పరీక్ష చేస్తారు. వృషణాలు మామూలు సైజులో ఉన్నాయా, నాళంలో ఎంత భాగం తీసేశారు, ఎపిడిడిమిస్ ఉబ్బి గట్టిపడిందా అని చూస్తారు. తెగిన చోట చిన్న గడ్డలాంటిది తగిలితే కంగారుపడకండి. కణాలు కొంచెం కొంచెంగా బయటికి కారి అక్కడ గూడు కట్టుకుని ఉంటాయి. ఒత్తిడి అలా తగ్గింది కాబట్టి అది మంచి సూచనే. వృషణాలు చిన్నవిగా అనిపిస్తే ఎఫ్‌ఎస్‌హెచ్ (వృషణాలకు పని చెప్పే హార్మోన్), టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) రక్తపరీక్షలు రాస్తారు.

మీ అంతట మీరే చెప్పాల్సినవి రెండున్నాయి. గజ్జలో హెర్నియాకు గానీ, వృషణాలకు నీరు పట్టి హైడ్రోసిల్‌కు గానీ ఆపరేషన్ జరిగి ఉంటే చెప్పండి. ఆ ఆపరేషన్లలో కూడా నాళమో ఎపిడిడిమిసో దెబ్బతిని, రెండో అడ్డు ఏర్పడి ఉండొచ్చు.

రెండోది టెస్టోస్టిరాన్. జిమ్‌లో కండల కోసమైనా, నీరసం తగ్గడానికైనా టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు, జెల్, స్టెరాయిడ్లు వాడుతున్నారా? బయటి నుంచి ఆ హార్మోన్ వస్తుంటే మెదడు వృషణాలకు పని చెప్పడం మానేస్తుంది. కణాల తయారీ పూర్తిగా ఆగిపోవచ్చు. మానేశాక తిరిగి మొదలవడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది పైనే. మొహమాటంతో దాచవద్దు. సిగరెట్ అలవాటుంటే అది మానడానికీ ఇదే సమయం.

సూదితో వీర్యకణాలు తీసే పద్ధతి ఎలా ఉంటుంది?

మీ వైపు పని చిన్నది. మత్తిచ్చి ఎపిడిడిమిస్ లోకి సూది గుచ్చి ద్రవం లాగుతారు, దీన్ని పెసా అంటారు. అక్కడ దొరక్కపోతే వృషణంలోంచే సూదితో తీస్తారు, అది టెసా. అవసరమైతే చిన్న ముక్క కోసి తీస్తారు. వాసెక్టమీ అయినవాళ్లలో తయారీకి లోటుండదు కాబట్టి దాదాపు అందరికీ కణాలు దొరుకుతాయి. ఒకటి రెండు రోజులు నొప్పి, కాస్త వాపు ఉంటాయి.

అసలు భారమంతా భార్య మీద పడుతుంది. పది పన్నెండు రోజులు రోజూ హార్మోన్ ఇంజెక్షన్లు, మధ్యమధ్య స్కానింగులు, తర్వాత మత్తులో అండాలు బయటికి తీయడం. ల్యాబ్‌లో ఎంబ్రియాలజిస్ట్ ఒక్కో అండాన్ని సన్నటి గొట్టంతో కదలకుండా పట్టి ఉంచి, ఇంకోవైపు నుంచి గాజు సూదితో ఒకే ఒక్క వీర్యకణాన్ని లోపలికి వదులుతారు. దీని పేరు ఇక్సీ. ఈ పద్ధతిలో గర్భం వచ్చినట్టు 1992లో బ్రస్సెల్స్ డాక్టర్లు తొలిసారి ప్రకటించారు. అండానికి ఒక్క కణం చాలు కాబట్టి, కొద్దిపాటి కణాలతోనే పని జరిగిపోతుంది. పిండాన్ని మూడు నుంచి ఐదు రోజులు పెంచి గర్భసంచిలో పెడతారు, మిగిలినవాటిని ఫ్రీజ్ చేస్తారు.

ఇంజెక్షన్లకు అండాశయాలు మితిమీరి స్పందించి పొట్ట ఉబ్బడం, ఆయాసం రావడం జరగొచ్చు. అలా అయితే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఒకేసారి రెండు పిండాలు పెడితే కవలలు పుట్టవచ్చు. నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం కవలల్లో ఎక్కువ, కాబట్టి ఒక్క పిండమే పెట్టమని అడగడం మంచిది.

ఐవీఎఫ్ వద్దు, తీసిన కణాలతో ఐయూఐ చేయరా?

చేయరు. ఐయూఐ అంటే వీర్యాన్ని సన్నటి గొట్టంతో నేరుగా గర్భసంచిలోకి పంపడం. దానికి చురుగ్గా కదిలే కణాలు లక్షల్లో కావాలి. సూదితో తీసినవి కొద్ది, వాటికి ఈదే శక్తీ తక్కువ. ముందే ఫ్రీజ్ చేసిన వీర్యం ఉంటే మాత్రం ఐయూఐ గురించి అడగవచ్చు.

రెండింటిలో ఏది మేలు?

భార్యకు 35 లోపు ఉండి, ఆమె పరీక్షలు బాగుండి, వాసెక్టమీ అయి మరీ ఎక్కువ కాలం కాకపోతే నాళాలు కలిపించుకోవడమే మేలని నా అభిప్రాయం. ఒక్క ఆపరేషన్‌తో అయిపోతుంది, ఆమెకు ఇంజెక్షన్ల బాధ ఉండదు, కావాలంటే ఇంకో బిడ్డ కోసం కూడా సహజంగానే ప్రయత్నించవచ్చు. పాత భార్యాభర్తలే అయి, ఇదివరకు ఇద్దరికీ కలిసి పిల్లలు పుట్టి ఉంటే అవకాశం ఇంకా బాగుంటుంది.

ఆమెకు 38 దాటినా, గొట్టాలు మూసుకుపోయినా, అండాల నిల్వ తక్కువగా ఉన్నా నేరుగా ఇక్సీకి వెళ్లడం మంచిది. 35కూ 38కీ మధ్య ఉన్నవాళ్లకే తేల్చుకోవడం కష్టం. అక్కడ ఆమె పరీక్షల ఫలితాలు, వాసెక్టమీ అయి ఎన్నేళ్లయింది, ఎంతమంది పిల్లలు కావాలి, చేతిలో ఉన్న డబ్బు, అన్నీ చూసుకోవాలి. ఒక్క బిడ్డ చాలంటే ఇక్సీ వైపు, ఇద్దరు కావాలంటే ఆపరేషన్ వైపు మొగ్గు కాస్త పెరుగుతుంది.

ఒక జాగ్రత్త. నాళాలు కలిపే సర్జన్ ఆపరేషనే మేలంటారు, ఐవీఎఫ్ సెంటర్‌లో ఐవీఎఫే మేలంటారు. ఎవరి అనుభవం వాళ్లది. ఇద్దరి దగ్గరికీ వెళ్లి విన్నాకే నిర్ణయించుకోండి.

నా శరీరమే నా వీర్యకణాలను శత్రువులుగా చూస్తుందట, నిజమేనా?

వాసెక్టమీ అయినవాళ్లలో సగానికి పైగా మందికి రక్తంలో వీర్యకణాలకు వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారవుతాయి. కానీ నాళాలు కలిపాక వాళ్లలో చాలామందికి సహజంగానే పిల్లలు పుడుతున్నారు. ఆపరేషన్‌కు ముందు దీనికోసం పరీక్ష అక్కర్లేదు.

ఆపరేషన్ అయ్యాక ఎలా ఉండాలి?

మొదటి రెండు రోజులు పడుకుని విశ్రాంతి తీసుకోండి. బట్టలో చుట్టిన ఐస్‌ప్యాక్ అప్పుడప్పుడు పెట్టుకుంటే వాపు తగ్గుతుంది. బిగుతుగా పట్టి ఉంచే లోదుస్తులు కొన్ని వారాల పాటు పగలూ రాత్రీ వేసుకోవాలి. కూర్చుని చేసే ఉద్యోగమైతే వారంలోపే వెళ్లొచ్చు. బరువులు ఎత్తడం, పరుగు, జిమ్, సైకిల్ మూడు నాలుగు వారాలు వద్దు. కలయికకూ వీర్యం బయటికి రావడానికీ డాక్టర్ చెప్పిన గడువు, మామూలుగా మూడు నాలుగు వారాలు, తప్పకుండా ఆగాలి. ఆ సన్నటి కుట్టు మీద ఒత్తిడి పడితే చేసిన పనంతా వృథా అవుతుంది.

కమిలి నల్లబడటం మామూలే. వాపు రోజురోజుకూ పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, చీము కారినా ఆలస్యం చేయకండి.

వీర్యకణాలు ఎప్పుడు కనిపిస్తాయి? ఎంతకాలం చూడాలి?

నాళాన్ని నాళంతో కలిపితే చాలామందికి మొదటి మూడు నెలల్లో కనిపిస్తాయి. ఎపిడిడిమిస్‌కు కలిపితే ఆరు నెలలు, ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మొదటి పరీక్ష నాలుగు నుంచి ఆరు వారాలకు చేయించి, తర్వాత రెండు మూడు నెలలకోసారి చేయిస్తూ ఉండాలి. మొదటి రిపోర్టులో కౌంట్ తక్కువగా, కదలిక మందంగా ఉంటుంది. దాన్ని చూసి టెన్షన్ పడవద్దు, నెలలు గడిచేకొద్దీ మెరుగుపడుతుంది.

కణాలు మంచిగా కనిపించినప్పుడే కొంత వీర్యం ఫ్రీజ్ చేయించి పెట్టుకోండి. కొందరికి కుట్టు దగ్గర మళ్లీ మచ్చ కట్టి దారి మూసుకుపోతుంది. చాలామంది ఈ చిన్న పని వాయిదా వేస్తారు.

నాళాన్ని నాళంతో కలిపి ఆరు నెలలైనా ఒక్క కణం కనిపించకపోతే సర్జన్‌తో తర్వాతి అడుగు మాట్లాడండి. కణాలు వచ్చి, భార్యకు 35 దాటి, ఆరు నెలలుగా గర్భం రాకపోతే ఐవీఎఫ్ డాక్టర్‌ను కలవండి. ఏడాది దాకా ఆగవద్దు.

ఒకసారి కలిపించుకున్నాను, ఫలించలేదు. మళ్లీ చేస్తారా?

చేస్తారు. మొదటిసారి ఎపిడిడిమిస్‌లోని అడ్డును గమనించకపోవడం వల్ల విఫలమైతే, అనుభవమున్న సర్జన్ చేతిలో రెండోసారి ఫలించవచ్చు. మొదటి ఆపరేషన్ నోట్స్ సంపాదించండి. బొట్టులో ఏం కనిపించిందన్నది అందులో రాసి ఉండాలి. కాలం తక్కువగా ఉంటే సూదితో కణాలు తీసే దారి ఎలాగూ ఉంది, రీకెనలైజేషన్ విఫలమైనంత మాత్రాన అది మూసుకుపోదు.

అన్నేళ్లు లోపలే ఉండిపోయిన కణాలతో పుట్టే బిడ్డకు ఏమైనా లోపాలుంటాయా?

ఆ భయం అక్కర్లేదు. గర్భానికి కారణమయ్యేది ఇరవై ఏళ్ల నాటి కణం కాదు, ఈ మధ్య తయారైందే. వాసెక్టమీ వల్ల పుట్టుక లోపాలు పెరుగుతాయని ఆధారం లేదు.

సర్జన్‌ను ఎలా ఎంచుకోవాలి?

పెద్ద ఆస్పత్రా, చిన్న ఆస్పత్రా అన్నది కాదు, ఈ ఆపరేషన్ తరచూ చేసే చేతులు కావాలి. మైక్రోస్కోప్ వాడతారా? ద్రవాన్ని ఆపరేషన్ బల్ల దగ్గరే పరీక్షిస్తారా? అవసరమైతే ఎపిడిడిమిస్‌కు కలపడం మీకు వచ్చా? ఆపరేషన్‌లో దొరికిన కణాలను ఫ్రీజ్ చేసే వీలుందా? ఈ నాలుగూ అడగండి. మూడో ప్రశ్నకు ‘అది చేయం’ అని జవాబొస్తే, ముఖ్యంగా వాసెక్టమీ అయి పదేళ్లు దాటినవాళ్లు, ఇంకొకరిని వెతుక్కోవాలి. లోపల ఏ అడ్డుందో కోసి చూసేదాకా ఎవరికీ తెలియదు.

దాత వీర్యం తీసుకుంటే?

వైద్యపరంగా ఇది తేలికైన దారి. భార్యకు గొట్టాలు బాగుంటే ఐయూఐ సరిపోవచ్చు. మనసుపరంగా ఇద్దరికీ సమయం కావాలి, ముఖ్యంగా భర్తకు. అతను నిజంగా ఒప్పుకునేదాకా ఆగడమే మంచిది. గుర్తింపు ఉన్న కేంద్రం ద్వారా, వ్యాధుల పరీక్షలు చేసిన వీర్యమే తీసుకోండి. తెలిసినవాళ్ల దగ్గర సొంతంగా ఏర్పాటు చేసుకుంటే రోగాల భయం ఒకటి, తండ్రి ఎవరన్న చట్టపరమైన చిక్కు ఇంకొకటి. దత్తతకైనా, దాత వీర్యానికైనా నియమాలు దేశాన్ని బట్టి మారతాయి. దత్తతకు చాలాచోట్ల ఎదురుచూపు ఎక్కువ, దాన్ని ఆఖరి దారిగా కాక మొదటి నుంచీ మనసులో ఉంచుకునేవాళ్లు ముందుగానే దరఖాస్తు పెట్టుకుంటే మంచిది.

‘నువ్వే కదా చేయించుకున్నావు’ అంటుంది నా భార్య. ఏం చెప్పాలి?

ఆ రోజు ఉన్న పరిస్థితికి అది సరైన నిర్ణయమే. ఆ మాట మీరు నమ్మి, ఆమెతో నిదానంగా చెప్పండి. అలాగే ఆమె కోపం వెనక తన వయసు గడిచిపోతోందన్న భయం ఉండొచ్చు, దాన్ని వినండి. డాక్టర్ దగ్గరికి ఒక్కరే వెళ్లవద్దు. ఇద్దరూ కలిసి వెళ్తే ఒకరు విననిది ఇంకొకరు వింటారు. ఎన్ని ప్రయత్నాలు, ఎంత ఖర్చు, ఎంతకాలం అన్నది మొదలుపెట్టక ముందే మాట్లాడుకోండి. ఒక ప్రయత్నం విఫలమైన రోజున ఆ మాట తేవడం ఇద్దరికీ కష్టం.

బిడ్డ పుట్టాక మళ్లీ వాసెక్టమీ చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు. ఈ లోపు మాత్రం గర్భనిరోధకం అవసరమని మర్చిపోవద్దు. నాళం తెరుచుకున్నాక వద్దనుకున్న గర్భం కూడా రావచ్చు. ఫ్రీజ్ చేసిన వీర్యం గానీ, పిండాలు గానీ మిగిలి ఉంటే, వాటిని ఉంచాలా వద్దా అన్నది వాసెక్టమీకి ముందే ఇద్దరూ తేల్చుకుని కేంద్రానికి రాతపూర్వకంగా చెప్పండి.